నీటి నడుమ నిప్పు

ఒకవంక కొల్లేరు, ఒకవంక ఉప్పుటేరు, నడుమ కాలువలు, చేపల చెఱువులు. ఆకివీడు ప్రాంతమున నీటిని జూచుటకు ఎవ్వరును దూరము పోనక్కఱలేదు. అట్టి చోటనే ఒడలు కాలినవానిపై నీరు పోయుటకు జనులు జంకుచున్నారు! నీరు తగిలిన బొబ్బ లేచునని యొకరు, చీము పట్టునని యొకరు చెప్పుదురు. ఆ భయముచేత సిరా, నెయ్యి, పసుపు, పేడ, తుదకు పండ్లు తోముకొను పేస్టు సైతము పుండునకు పూయుదురు. ఉపకారమనుకొని చేయు నీ అపకారమువలన పుండు చెడును; వైద్యుడు దానిని చూచి లోతు నిర్ణయించుటయు కష్టమగును.

నిప్పును తొలగించినంతనే వేడి తొలగదు. అది మాంసములోనికి దిగుచునే యుండును. దానిని ఆపునది నీరొక్కటే. కాలిన తక్షణమే పరిశుభ్రమైన చల్లని నీటిని 20 నిమిషములు ధారగా పోయవలెను. కొంత ఆలస్యమైనను, మూడు గంటలలోపల పోసినచో ఫలము కలదు. మంచుగడ్డ పెట్టరాదు, బొబ్బ చిదుపరాదు. ఉంగరములు, గాజులు వాపునకు ముందే తీయవలెను. పిమ్మట శుభ్రమైన గుడ్డ కప్పి ఆసుపత్రికి చేర్పవలెను.

నొప్పి లేనిచో గాయము స్వల్పమని తలంచుట మఱియొక పొరపాటు. చర్మము పూర్తిగా మాడినచోట స్పర్శనాడులు చచ్చును గనుక నొప్పి తెలియదు. అదియే ఘోరమైన గాయము. వ్రేళ్లతోగూడిన రోగి అరచేయి అతని శరీరమున ఇంచుమించు నూటికొక వంతు. ఆ కొలతను బట్టి పెద్దలకు 15 వంతులు, పిల్లలకు 10 వంతులు మించి కాలెనేని శరీరద్రవము కారిపోయి ప్రాణమునకే మోసము వచ్చును. 60 డిగ్రీల వేడినీరు అయిదాఱు సెకండ్లలో లోతైన గాయము చేయగలదు. పొయ్యిమీదినుండి అప్పుడే దించిన గంజి అంతకంటెను వేడి. చెఱువుగట్లపై ఏయిరేటర్లకు లాగిన తీగెవలన కలుగు గాయము పైకి చిన్నదిగా కనబడి, లోపల కండను కాల్చి గుండె నడకను తప్పించును. మంచుదిమ్మెల కర్మాగారములందలి అమ్మోనియా, మంట లేకుండగనే కంటిని, చర్మమును, ఊపిరితిత్తులను కాల్చును.

ఇదంతయు పామరుల అజ్ఞానమని పఠనమందిరములందు కూర్చుండి పత్రికలు తిరుగవేయు మనము తప్పించుకొనజాలము. 2022 ఏప్రిల్ 13 రాత్రి ఏలూరు జిల్లా ముసునూరు మండలము అక్కిరెడ్డిగూడెములోని పోరస్ రసాయన కర్మాగారమున మంటలు చెలరేగి ఆఱుగురు మరణించిరి. వారిలో నలుగురు పొట్ట చేతబట్టుకొని బీహారునుండి వచ్చినవారు. గాయపడిన పదిమందికి పైగా జనులను విజయవాడకు తరలింపవలసివచ్చెను. ఆ నవంబరులోనే తాడేపల్లిగూడెము మండలము కడియద్దలో బాణాసంచా పేలి కూలీలు బలియైరి. 2024 దీపావళినాడు ఏలూరు వీధిలో స్కూటరుపై తీసికొనిపోవుచున్న ఉల్లిపాయ బాంబుల మూట పేలి యొకడు మరణించెను. అక్కిరెడ్డిగూడెపు ఘటనకు సరిగా మూడేండ్లు నిండిన 2025 ఏప్రిల్ 13న అనకాపల్లి జిల్లా కైలాసపట్నములో బాణాసంచా కర్మాగారము ఎనిమిదిమందిని పొట్టన బెట్టుకొనెను.

వీనినన్నిటిని మనము ప్రమాదములని పిలుచుచున్నాము. ఆ మాట విధిపై నెపము మోపి, మనుష్యులను విడిచిపెట్టుచున్నది. 1884 నాటి ప్రేలుడు పదార్థముల చట్టము కలదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 2025 వరకు అమలులో నుండెను. చట్టములు కాగితముమీద నుండ, మందుగుండు ప్రక్కన కూలివాడు కూర్చుండుటకు కారణము విధి యెట్లగును? వంటయింట కాలిన కోడలి విషయమునను ఇదే మాట. స్టవ్వు పేలెనని ఊరెల్ల చెప్పుకొని ఊరకుండును. వివాహమైన యేడేండ్లలోపల కట్నపు వేధింపునకు గుఱియై కాలి మరణించిన స్త్రీ విషయమున భర్తను, అతని బంధువులను చట్టము 1986 నుండి బాధ్యులుగా నెంచుచున్నది. చట్టమునకున్న అనుమానము ఇరుగుపొరుగునకు లేకపోవుట వింత కాదా?

అక్కిరెడ్డిగూడెపు మృతుల కుటుంబములకు ప్రభుత్వము 25 లక్షల రూపాయల చొప్పున పరిహారము ప్రకటించెను. అది న్యాయమే. కాని పరిహారము చితి చల్లారిన పిదప వచ్చునది. తనిఖీ చితి పేర్చకుండ కాపాడునది. మొదటిదానికి చప్పట్లు కొట్టి రెండవదానిని అడుగని ప్రజలకు మొదటిదే మరల మరల లభించును.

కావున మన కోరికలు మూడు. ప్రతి రసాయన కర్మాగారపు, ప్రతి బాణాసంచా కేంద్రపు తనిఖీ నివేదిక ఆ గ్రామ పంచాయతీ కార్యాలయమున గోడపై అంటింపబడవలెను. కాలినవారి చికిత్సకు తగిన పడకలు, శిక్షణ పొందిన సిబ్బంది జిల్లా ఆసుపత్రియందే నిత్యము సిద్ధముగా నుండవలెను. ఇరువది నిమిషముల నీటి పాఠము ప్రతి పాఠశాలయందును నేర్పబడవలెను.

మొదటి రెంటిని ప్రభుత్వమునుండి పోరాడి తెచ్చుకొనవలెను. మూడవదానికి ఏ ఉత్తరువుతోను పనిలేదు. నేటి రాత్రియే ఇంటింట చెప్పవచ్చును. బిందెలో నీరుండగా బిడ్డ పుండుపై సిరా పోయు ఇల్లు రేపటినుండి ఈ కొల్లేటి సీమలో ఒక్కటియు నుండరాదు.