పసిగట్టే యంత్రం సరే.. ఆర్పే చేతులేవి?

ఆదోని: వేసవి ముదిరిందంటే ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల కొండలపై గడ్డి ఎండి నిప్పురవ్వ పడితే చాలన్నట్లు ఉంటుంది. ఉమ్మడి కర్నూలు జిల్లాలో అడవికి నిప్పు అనగానే అందరి చూపూ నల్లమల వైపే మళ్లేది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడటంతో ఆ అడవిలో అధిక భాగం అటు వెళ్లింది. పశ్చిమాన ఉన్నవి బండరాళ్లు, ముళ్లపొదలు, గడ్డి కలగలిసిన కొండలు. ఇక్కడ మంట రేగితే మొదట నష్టపోయేది గొర్రెలు, మేకల కాపరులే.

ప్రస్తుతం మంటల సమాచారానికి ఉపగ్రహాలే ప్రధాన ఆధారం. భారత అటవీ సర్వే సంస్థ 2004 నుంచి మోడిస్, 2017 నుంచి వీర్స్ పరికరాల సాయంతో రాష్ట్రాలను హెచ్చరిస్తోంది. వీర్స్ చిత్రంలో ఒక్కో గడి 375 మీటర్లు. పైగా ఉపగ్రహం రోజుకు కొన్ని పర్యాయాలే ఈ ప్రాంతం మీదుగా వెళుతుంది. ఆలోగా గడ్డిమంట కొండంతా పాకవచ్చు. మంట ముదిరితే ఏమవుతుందో 2014 మార్చిలో శేషాచలం చాటింది. తిరుమల సమీపంలో వైమానిక దళ హెలికాప్టర్లను రంగంలోకి దించవలసి వచ్చింది.

ఈ లోటును వైర్‌లెస్ సెన్సర్లు కొంత పూడ్చగలవు. అవి వేడిని, తేమను, పొగను, కార్బన్ మోనాక్సైడ్‌ను కొలిచి, ఒకదాని నుంచి మరొకదానికి రేడియో సంకేతాలు అందిస్తూ సిబ్బంది ఫోనుకు సమాచారం చేరుస్తాయి. అయితే 40 డిగ్రీలు దాటే ఎండకు బండలు కాగే ఈ సీమలో వేడిని మాత్రమే నమ్మితే తప్పుడు హెచ్చరికలు తప్పవు. పొలంలో పత్తికట్టె తగలబెట్టినా పొగ వస్తుంది. కనుక అన్ని కొలతలనూ కలిపి చూడాలి. కొండ అడ్డువస్తే సంకేతం అందదు. మాటిమాటికీ సంకేతాలు పంపితే బ్యాటరీ త్వరగా అయిపోతుంది.

అన్నింటికీ మించినది మరొకటి ఉంది. హెచ్చరిక నిమిషాల్లో వచ్చినా మనిషి గంటల తరువాత చేరితే ప్రయోజనం శూన్యం. తొలిదశలో గడ్డిమంటను పచ్చికొమ్మలతో కొట్టి ఆర్పవచ్చు. ఆ పనికి కొండ బాటలు తెలిసిన కాపరులకు మించినవారు లేరు. వేసవి నెలలకు వారికి కూలి చెల్లించి కాపలా అప్పగించడం, ముందుగానే అగ్నిరేఖల్లో గడ్డి తొలగించడం, ఒక్క కొండపై సెన్సర్లను ఒక వేసవి పాటు పరీక్షించడం ఏకకాలంలో జరగాలి. యంత్రం కేక వేయగలదే గానీ మంట ఆర్పలేదన్న సత్యాన్ని అధికారులు గుర్తించవలసి ఉంది.