పొయ్యిలో పాషాణం

సిలిండరు ధరకు జడిసి మేడ్చల్, శామీర్‌పేట కూలీలు మళ్లీ కట్టెల పొయ్యి ముట్టిస్తే, దొరికిన పాత స్తంభమల్లా వంటచెరకే. అది మందు కట్టె అయితే?

చెద పట్టకుండా కట్టెకు రాగి, క్రోమియం, ఆర్సెనిక్ ఎక్కించే పద్ధతిని 1933లో డెహ్రాడూన్ అటవీ పరిశోధనా సంస్థలో కనిపెట్టింది మన తెలుగువాడే, సొంటి కామేశం. ఆర్సెనిక్ అంటే పాషాణం. వానకు కొంత మట్టిలోకి దిగుతుంది. కాలిస్తే కొంత పొగలో పోయి, మిగతాది బూడిదలో ఉంటుంది. ఆ బూడిదతోనే కదా మన ఆడోళ్లు బోళ్లు తోమేది!

అమెరికాలో ఇళ్ల అవసరాలకు ఈ కట్టె తయారీని 2003 ఆఖరుకు ఆపారు. కొత్తలో కట్టె ఆకుపచ్చగా ఉంటుంది. పాతబడితే రంగు పోతుంది, విషం పోదు. చూసి పోల్చుకోమని కూలోడికి చెప్తే ఎట్లా? పాత కట్టె అమ్మేవాడూ, ఊరికే ఇచ్చే ఆసామీ అది మందు కట్టెనో కాదో ముందే చెప్పాలి. మందు కట్టెను పొయ్యికి ఇవ్వకూడదు.