యంత్రం ఒకరిది, రికార్డు ఇంకొకరిదా?

రోబోట్ అనగానే మన విద్యార్థుల మనసులో మెదిలేది సినిమాలలో కనిపించే ఇనుపమనిషి. ఆ పదం లోకానికి అందినది కూడా ఒక నాటకం ద్వారానే. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో ప్రచురించిన ఆ నాటకంలో, వెట్టిచాకిరీ అని అర్థమిచ్చే వారి దేశభాషా పదమే రోబోట్‌గా మారింది. అయితే నిరుడు మన కళాశాల ఎలక్ట్రానిక్స్ ప్రయోగశాలలో తయారైన రోబోట్‌కు తలా లేదు, చేతులూ లేవు. రెండు మోటార్లు, మూడు చక్రాలు, ఒక చెక్కముక్క, నేలపై గీసిన నల్లని గీతను కనిపెట్టి నడిచేందుకు రెండు కళ్ళు - ఇంతే దాని స్వరూపం. ఇద్దరు యువకులు, ఇద్దరు యువతులు మూడు నెలలపాటు దాని చుట్టూ కూర్చున్నారు. మేము ఆ జట్టులోని వారము కాము. పక్క బల్ల దగ్గర ఉండి చూసినవారము. చూసినది చెప్పవలసిన అవసరమున్నదని తోచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మొదటి నెలంతా ఒకే చిక్కు. బండిని గీతమీద పెట్టి మీట నొక్కగానే జానెడు దూరం కదలి ఆగిపోయేది. మళ్ళీ మొదటి నుండి ప్రారంభించేది. ప్రోగ్రాం వ్రాసినవాడు వైరింగులో లోపమన్నాడు. వైరింగు చేసినవాడు ప్రోగ్రాంలో లోపమన్నాడు. ఎవరికి వారు తమ భాగాన్ని పరీక్షించి చూపారు. విడివిడిగా రెండూ సక్రమంగానే పనిచేశాయి! పదిహేను రోజులు వారిద్దరి మధ్య మాటలు కూడా లేవు. చివరకు ఎమ్మిగనూరు నుండి వచ్చే ఒక విద్యార్థిని, మధ్యాహ్న భోజన విరామంలో, చక్రాలను చేతితో గట్టిగా పట్టుకొని మోటార్లు నడపమన్నది. స్నేహితురాలు మల్టీమీటరు ముళ్ళను బ్యాటరీకి ఆనించింది. అంకె అందరి కళ్ళయెదుటే దిగజారిపోయింది.

ఆగి ఉన్న మోటారు కదలడానికి, తిరుగుతున్నప్పటి కంటె అనేక రెట్లు అధికంగా విద్యుత్తును గుంజుకుంటుంది. మోటార్లకూ, బండికి మెదడు వంటి మైక్రోకంట్రోలరుకూ ఒకే బ్యాటరీ కావడంతో, ఆ క్షణంలో మెదడుకు చాలినంత వోల్టేజి అందక అది స్పృహ తప్పి, మళ్ళీ మేల్కొంటున్నది. మోటార్లకు వేరే బ్యాటరీ పెట్టి, రెండింటి ఋణధ్రువాలను మాత్రం ఒకటిగా కలిపారు. అలా కలపకపోతే మెదడు పంపే సంకేతం మోటార్లను నడిపే భాగానికి అర్థం కాదు. బండి నడిచింది. బ్యాటరీ అంతర్నిరోధం గురించి నలుగురూ ఇంటర్మీడియట్‌లోనే చదివి, లెక్కలు చేసి, మార్కులు తెచ్చుకున్నవారే. చదివినది తమ చేతిలోని బ్యాటరీకి కూడా వర్తిస్తుందని తెలియడానికి నెల పట్టింది. ఈ నెల వృథా అయినదని కొందరు పెద్దలు అన్నారు. మూడు సంవత్సరాల చదువులో వారు నిజంగా నేర్చిన నెల అదేనని మా అభిప్రాయం.

మరొక ముచ్చట. గదిలో చక్కగా నడిచిన బండి ఆవరణలోకి తేగానే దారి తప్పింది. గీతను చూసే కళ్ళు పనిచేసేది పరారుణ కిరణాలతో. ఆదోని ఎండలో ఆ కిరణాలకు కొదవేమున్నది? జట్టులో ఒకరి తండ్రి జిన్నింగు మిల్లులో ఫిట్టరు. ఆ కుర్రవాడు పాత సైకిల్ ట్యూబును కత్తిరించి కళ్ళకు గొడుగు కట్టాడు. ఏ పుస్తకంలోనూ లేని ఆ ఉపాయం, మిల్లులో తండ్రి ప్రక్కన నిలబడి నేర్చినది.

జట్టు అంటే పనిని నాలుగు ముక్కలు చేసి పంచుకోవడమని మనలో ఒక భ్రమ ఉన్నది. ఈ విద్యను విశ్వవిద్యాలయ స్థాయిలో నిలబెట్టినవారిలో ఒకరు మన రాయలసీమవాసియే. నాటి చిత్తూరు జిల్లాలోని కాటూరులో జన్మించి, మద్రాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివిన రాజ్ రెడ్డి, అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 1979లో వెలసిన రోబోటిక్స్ సంస్థకు తొలి సంచాలకులు. 1994లో ట్యూరింగ్ పురస్కారం పొందారు. మనిషి మాటను యంత్రం గ్రహించేటట్లు చేయడానికి 1970లలో ఆయన, ఆయన సహచరులు కలిసి నిర్మించిన వ్యవస్థలో, శబ్దం తెలిసిన ప్రోగ్రాం వేరు, పదం తెలిసినది వేరు, వాక్యం తెలిసినది వేరు. ఇవన్నీ తమ ఊహలను ఒకే ‘నల్లబల్ల’ మీద వ్రాస్తాయి; ఒకదాని ఊహను మరొకటి చూసి బలపరుస్తుంది, లేదా కొట్టివేస్తుంది. ఎవరి గదిలో వారు పనిచేసి చివరి రోజున అతికించే పద్ధతి కాదు అది. మన జట్టుకు లోపించినది కూడా ఆ మొదటి నెలలో నల్లబల్లయే.

ఇంత దూరం పోనక్కరలేదు. ఎమ్మిగనూరులో గుంటమగ్గం ఉన్న ఇంటికి వెళ్ళి చూడండి. కండెలు చుట్టేవారు ఒకరు, పడుగు సిద్ధం చేసేవారు ఇద్దరు, గంజి పెట్టేటప్పుడు ఇంటిల్లిపాదీ. 1938లో మాచాని సోమప్పగారు అక్కడ నేతపనివారి సహకార సంఘాన్ని స్థాపించినప్పుడు ఆ ఊరికి సహకారమనే మాట కొత్త కావచ్చునేమో గాని, ఆ పని కొత్త కాదు. అయితే అక్కడ కూడా ఒక అన్యాయం ఉన్నది. మగ్గం మీద కూర్చున్నవాడే నేతగాడు. కండెలు చుట్టిన ఆడవారికి ఆ పేరు దక్కదు.

మన ప్రయోగశాలలో జరిగినది సరిగ్గా ఇదే. లోపాన్ని కనుగొన్న విద్యార్థినికి చివరకు అప్పగించిన పని ఏది? రికార్డు వ్రాయడం. ఆమె స్నేహితురాలికి చార్టులు వేయడం. ప్రదర్శన నాడు బండిని నడిపినవారు, ప్రశ్నలకు సమాధానమిచ్చినవారు యువకులిద్దరే. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదని మేము ఎరుగుదుము. ప్రయోగశాల తెరచి ఉంచేది తరగతులు ముగిసిన తరువాత. ఎమ్మిగనూరు పిల్లలు ఆ వేళకే బస్సు అందుకోవాలి. సుమారు 30 కిలోమీటర్ల దారి. చీకటి పడకముందే ఆడపిల్ల ఇల్లు చేరాలని కోరే తల్లిదండ్రులను తప్పుపట్టలేము. అంటే ఎవరు స్క్రూడ్రైవరు పట్టాలి, ఎవరు కలం పట్టాలి అనేది ప్రతిభను బట్టి కాక, బస్సు వేళను బట్టి నిర్ణయమైపోయింది! చేతివ్రాత బాగుంటుందని ఆమెకు ఆ పని ఇచ్చామన్నారు. ఆమె కొలిచిన కొలత కూడా బాగానే ఉన్నది కదా!

ఆ రికార్డు సంగతి కూడా చెప్పాలి. జట్టు మూడు నెలలు మాట్లాడుకున్నది ఉర్దూ, తెలుగు కలగలిసిన మన ఆదోని భాషలో. రికార్డు మాత్రం ఇంగ్లీషులో, నిరుటి రికార్డు నమూనాలో. బండి పదే పదే ఆగిపోయిన కథ గాని, సైకిల్ ట్యూబు గొడుగు గాని అందులో ఒక్క వాక్యంగానైనా లేదు. పని జయప్రదమైనదని మాత్రం ఉన్నది. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయం శాస్త్రవిద్యను సైతం ఉర్దూలో బోధించిందన్న సంగతి మనకు గర్వకారణం. విఫలమైన ప్రయత్నాన్ని తన భాషలో రెండు పుటలు వ్రాసుకునేందుకు మన విద్యార్థికి నేడు అనుమతి లేకపోవడం విచారకరం. నగరాల్లో డబ్బిచ్చి తెచ్చుకునే తయారు ప్రాజెక్టుకూ, మూడు నెలలు శ్రమించిన ప్రాజెక్టుకూ తేడా తెలిసేది ఆ రెండు పుటలలోనే.

అధ్యాపకులకు మా విన్నపం. మౌఖిక పరీక్షలో జట్టులో ఎవరు సమాధానం చెప్పాలో చీటీ వేసి తేల్చండి. ఏ భాగాన్ని గురించి అయినా అడగండి. అప్పుడు ప్రోగ్రాం వ్రాసినవాడు వైరింగు నేర్చుకోక తప్పదు, రికార్డు వ్రాసే అమ్మాయి చేతికి బండి ఇవ్వకా తప్పదు. చీటీ వల్ల కష్టపడినవానికి నష్టం జరుగుతుందని ఒక వాదన ఉన్నది. అందులో కొంత నిజం లేకపోలేదు. కాని తోటివారికి చెప్పలేని విద్య తనకు వచ్చినట్లేనా అని ఆ కష్టజీవినే అడగాలి.

ఇక ప్రయోగశాల వేళలు. వారానికి రెండు ఉదయపు పీరియడ్లు టైంటేబుల్‌లోనే కేటాయించడం ఒక మార్గం. అంతకంటె సులువైనది, విడిభాగాలను డబ్బాలలో పెట్టి, గ్రంథాలయ పుస్తకాలవలె సంతకం తీసుకొని ఇంటికివ్వడం. వస్తువులు పోతాయని భయపడుతున్నారు. చిన్న మైక్రోకంట్రోలరు ఖరీదు ఒక మంచి పాఠ్యపుస్తకం ఖరీదును మించదు. పుస్తకాలు పోతాయని గ్రంథాలయాన్ని మూసుకున్నామా?

ఈ సంవత్సరం జట్టులో ఎమ్మిగనూరు విద్యార్థినులు ముగ్గురున్నారు. మగ్గం మీద పడుగుపోగు తెగినప్పుడు గంట మోగించే పరికరం చేయాలని వారి ఆలోచన. మగ్గం ఎలాగూ వారి ఇంట్లోనే ఉన్నది. డబ్బా ఇంటికిమ్మని కోరుతూ వారు వ్రాసిన అర్జీ కార్యాలయానికి చేరి మూడు వారాలైంది. ఈ సంచిక అచ్చుకు వెళ్ళేనాటికి దానిపై సంతకం పడలేదు.