కలమల్ల శాసనము – సూర్యుని గాలి

మన కడప జిల్లాలోని కలమల్ల గ్రామానికి రెండు విధాల ప్రసిద్ధి ఉన్నది. ఒకటి, అచటి చెన్నకేశవాలయంలో లభించిన ఎరికల్ ముత్తురాజు ధనంజయుని శాసనం. క్రీ.శ. 575 ప్రాంతపు ఈ రేనాటి చోళ శాసనాన్ని దొరికిన తెలుగు శాసనాలలో తొలిదిగా పండితులు పరిగణిస్తున్నారు. రెండవది, 1994లో ఉత్పత్తి ఆరంభించిన రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం. ఈ రెంటినీ కలిపే విషయం ఆకాశంలో ఉన్నదంటే పాఠకులు నవ్వవచ్చును. కాని అది నిజం.

సూర్యుని నుండి విద్యుదావేశం గల కణాలు నిరంతరం వెలువడుతుంటాయి. ఈ ప్లాస్మా ప్రవాహమే సౌర పవనం. 1958లో యూజీన్ పార్కర్ దీనిని గణితరీత్యా నిరూపించగా, 1962లో మారినర్-2 నౌక ధ్రువపరచినది. సెకనుకు సుమారు 400 కిలోమీటర్ల వేగంతో వచ్చే ఈ గాలి సూర్యుని అయస్కాంత క్షేత్రాన్ని కూడా మోసుకొని వస్తుంది. మీటిన వీణతీగవలె ఆ క్షేత్రరేఖలు కంపిస్తాయి. 1942లో ఈ తరంగాలను ఊహించిన స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆల్వెన్ పేరే వాటికి స్థిరపడినది.

భూమి చెంతకు చేరేసరికి ఆ క్షేత్రబలం సాధారణంగా 5 నానోటెస్లాలు మాత్రమే. మన కాళ్ల క్రింది భూ అయస్కాంత క్షేత్రమో, 30,000కు పైబడినది. అయితే ఇక్కడ బలం కంటె దిశ ముఖ్యం. వచ్చే క్షేత్రం దక్షిణాభిముఖమై కొన్ని గంటలు నిలిచినచో భూమి క్షేత్రంతో పెనవేసుకొని, సౌర పవనశక్తికి తలుపు తెరుస్తుంది. 1989 మార్చి 13న కెనడాలోని క్విబెక్ రాష్ట్రం ఇట్టి తుఫానువలననే సుమారు 9 గంటలు అంధకారంలో మునిగినది. నేలలో పుట్టిన విద్యుత్ప్రవాహాలు తీగెలలోకి, ట్రాన్స్‌ఫార్మర్లలోకి చొరబడుటయే కారణం. ధ్రువాలకు దూరమైన మనకు అంతటి ముప్పు లేదు. అయినను కలమల్లలో పుట్టే విద్యుత్తు దేశమంతటి తీగెలతో ముడిపడియున్నది.

ఈ గాలిని ముందుగా పసిగట్టుటకు మన శ్రీహరికోట నుండే 2023 సెప్టెంబరు 2న ఆదిత్య-ఎల్1 బయలుదేరినది. 2024 జనవరి 6న భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలోని తన స్థానం చేరినది. అక్కడ దాని అయస్కాంతమాపకం గుర్తించిన మార్పు మనలను చేరుటకు సుమారు ఒక గంట పట్టును. ఆ గంటయే మనకు హెచ్చరిక.

ఇంతటి విషయం మన విద్యార్థులకు ఆంగ్లంలోనే అందుతున్నది. ఇదే మా ఆవేదన. తెలుగులో, ఉర్దూలో పారిభాషిక పదాలు లేవని కొందరి వాదన. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం వైద్యాన్ని, ఇంజనీరింగును సైతం ఉర్దూలో బోధించినది. పదాలు దొరికిన పిదప బోధన ఆరంభం కాలేదు. బోధించబూనగా పదాలు పుట్టినవి. శాసనాలు సంస్కృత ప్రాకృతాలలో వెలువడే కాలంలో ధనంజయుడు ప్రజల భాషను రాతికెక్కించినాడు. ఆనాడు ఆయన చెంత ఏ నిఘంటువు ఉన్నది?

కనుక మన కళాశాల విజ్ఞానశాస్త్ర విద్యార్థి ప్రతియొక్కరు ఏటా ఒక వ్యాసం తెలుగులోనో ఉర్దూలోనో వ్రాయవలెనని, దానిని ఈ సంచికలో ప్రచురింపవలెనని మా అభిప్రాయం. సూర్యుని గాలికి భాషాభేదం లేదు. దానిని గూర్చిన జ్ఞానానికి మాత్రం ఎందుకుండవలెను?