వాన బయటా, లోపలా?

తొలకరి పడగానే మనలో చాలామంది చేసే పని ఒకటుంది. ఫోన్ తీసి ‘బెస్ట్ వాటర్‌ప్రూఫ్ జాకెట్’ అని వెతకడం. సైకిల్‌కీ రన్నింగ్‌కీ రెండింటికీ పనికొచ్చేది కావాలి, చూడ్డానికి బాగుండాలి. ధర కొన్ని వందల దగ్గర మొదలై ఇరవై వేలు దాటిపోతుంది. ఖరీదైనదైతే మంచిదే అయ్యుంటుందని ధైర్యం చేసి కొనేస్తారు. మొదటి వానలో ఐదు కిలోమీటర్లు పరిగెత్తి ఇంటికొచ్చి విప్పి చూస్తే లోపల టీషర్టు తడిసి ముద్ద. పిండితే నీళ్లు.

“లీకవుతోంది బాస్, మోసం” అంటారు. మోసమేమీ లేదు, లీకూ లేదు. ఆ నీళ్లు పైనుంచి రాలేదు. అది మీ చెమటే.

ట్యాగ్ మీద రెండు అంకెలు

జాకెట్ ట్యాగ్ మీద 10,000/10,000 లాంటి అంకెలు కనిపిస్తాయి. మొదటిది మిల్లీమీటర్లలో. బట్ట మీద ఎంత ఎత్తు నీటిని నిలబెడితే అవతలికి కారడం మొదలవుతుందో చెప్పే లెక్క. 10,000 అంటే పది మీటర్లు, దాదాపు మూడంతస్తుల మేడ ఎత్తు. 1,500 ఉన్నవాటిని కూడా వాటర్‌ప్రూఫ్ అనే అమ్ముతారు. బ్యాగ్ పట్టీ భుజాన్ని నొక్కే చోట, ఎదురుగాలి వాన కొట్టే చోట ఇంకొంచెం కావాలి. మన అవసరాలకు 5,000 నుంచి 10,000 మధ్య ఉంటే చాలు. 20,000 కోసం అదనంగా డబ్బు పోయక్కర్లేదు.

రెండోది గ్రాముల్లో ఉంటుంది. చదరపు మీటరు బట్టలోంచి 24 గంటల్లో ఎంత నీటి ఆవిరి బయటికి పోగలదో చెబుతుంది. చాలామంది పట్టించుకోని అంకె ఇదే. నాకేమో అంకె కనిపిస్తే కాల్‌క్యులేటర్ తీయకుండా ఉండటం కష్టం. 10,000ని 24తో భాగిస్తే గంటకు దాదాపు 417 గ్రాములు. ఉక్కపోతలో గట్టిగా పరిగెత్తే మనిషికి గంటకు లీటరు చెమట పట్టడం మామూలే. అంతా జాకెట్ కిందే పట్టదు, నిజమే. అయినా కాగితం మీదే లెక్క బొటాబొటీగా ఉంది. పైగా ఆ 10,000 అనేది ల్యాబ్‌లో వచ్చిన అంకె, మన రోడ్డు మీద వచ్చింది కాదు.

సియాటెల్ రివ్యూ, సికింద్రాబాద్ వాన

ఖరీదైన జాకెట్ల రహస్యం పొరల మధ్య ఉండే మెంబ్రేన్. నాన్‌స్టిక్ పెనం మీద పూత ఉంటుంది కదా, ఆ పదార్థం పేరు పీటీఎఫ్‌ఈ. 1969లో అమెరికాలో బాబ్ గోర్ అనే ఇంజినీరు వేడిచేసిన పీటీఎఫ్‌ఈ కడ్డీలను మెల్లగా సాగదీస్తుంటే తెగిపోతున్నాయి. చివరికి ఒకదాన్ని ఒక్క గుంజు గుంజాడు. అది తెగలేదు, బారుగా సాగింది. అలా సాగినప్పుడు దాంట్లో కంటికి కనిపించనన్ని సన్న రంధ్రాలు ఏర్పడతాయి. నీటిచుక్క వాటిలో దూరలేదు, ఆవిరి మాత్రం దూరిపోతుంది. గోర్‌టెక్స్ పుట్టింది అక్కడే.

అయితే ఆవిరి ఊరికే బయటికి పోదు. లోపల ఎక్కువ, బయట తక్కువ ఉంటేనే కదులుతుంది. జాకెట్ లోపల 32 డిగ్రీల దగ్గర చెమటతో నిండిపోయిన గాలిలో ఆవిరి పీడనం దాదాపు 4.8 కిలోపాస్కల్స్. సియాటెల్‌లో 10 డిగ్రీల చలి, 80 శాతం తేమ ఉన్న రోజు బయట అది సుమారు 1. తేడా 3.8. హైదరాబాద్‌లో జూలై వాన పడుతూ 25 డిగ్రీలు, 90 శాతం తేమ ఉందనుకోండి, బయటే 2.9 దాకా ఉంటుంది. తేడా 1.9. అంటే అదే జాకెట్, అదే ధర, కానీ చెమటని బయటికి తోసే బలం సరిగ్గా సగం. విశాఖ బీచ్ రోడ్డు మీదైతే ఇంకా తక్కువే.

మనం చదివే రివ్యూలు ఎక్కువగా సియాటెల్, గ్లాస్గో లాంటి ఊళ్లలో ఉండేవాళ్లు రాసినవి. వాళ్లు అబద్ధం చెప్పట్లేదు. వాళ్ల ఊరికి అది నిజం. మన ఊరికి సగం నిజం.

రన్నింగ్‌కి ఒకటి, సైకిల్‌కి ఒకటి

అందుకే మన వర్షాకాలంలో రన్నింగ్‌కి వాటర్‌ప్రూఫ్ జాకెట్ వద్దనే అంటాను. పరిగెడితే ఎలాగూ తడుస్తాం. చెమటతో ఉడికిపోయే కంటే వానలో తడవడమే హాయి. త్వరగా ఆరే టీషర్టు, కళ్లలో నీళ్లు పడకుండా ముందుకు అంచున్న టోపీ, ఫోన్‌కి ఒక జిప్ కవర్. అంతే. కావాలంటే 100–150 గ్రాముల పల్చటి విండ్‌చీటర్ ఒకటి మడిచి నడుముకి కట్టుకోండి. పరుగు ఆపాక ఒళ్లు చల్లబడేటప్పుడు వేసుకోడానికి అది చాలు.

సైకిల్ సంగతి వేరు. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే వాన ఎదురుగా కొడుతుంది, మన వేగమే గాలిగా తగిలి చలి పుడుతుంది. పైగా ఆఫీసుకి వెళ్లాక అదే బట్టల్తో మీటింగ్‌లో కూర్చోవాలి. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల ట్రాక్ ఉన్నా, ఈదురుగాలికి జల్లు పక్కనుంచి రాకుండా ఆపలేదు కదా. ఇక్కడ జాకెట్ అవసరమే. కాకపోతే మెంబ్రేన్ పేరు కంటే గాలి తిరిగే దారులు చూడండి. చంకల కింద జిప్‌లు ఉన్నాయా? ముందు జిప్ కింది నుంచి కూడా తెరుచుకుంటుందా? ఇరవై వేల మెంబ్రేన్ కంటే ఆ రెండు జిప్‌లే మనకి ఎక్కువ మేలు చేస్తాయి.

స్కూటర్ మీద వేసుకునే రెయిన్‌కోట్ పనికిరాదా అని అడుగుతారు. స్కూటర్ మీద కదలకుండా కూర్చుంటాం కాబట్టి సరిపోతుంది. పెడల్ తొక్కేవాడికి ఆ పీవీసీ కోటు ఆవిరి కుడుము పాత్రే. ఇక పొంచో అసలు వద్దు. గాలికి తెరచాపలా లేస్తుంది, అంచు చక్రంలో చిక్కుకుంటే కిందపడటమే.

నల్లరంగు మోజు

ఫొటోల్లో నల్ల జాకెట్ బాగుంటుంది. కానీ సాయంత్రం ఆరున్నర, జోరువాన, వైపర్లు కొట్టుకుంటున్న అద్దం వెనక బస్సు డ్రైవర్. ఆయనకి మీరు కనిపించాలి. పగలు నిమ్మపండు రంగో నారింజో పనికొస్తాయి. చీకటి పడ్డాక రంగు కంటే వెలుతురు పడితే మెరిసే పట్టీలు ముఖ్యం. అవి వీపు మీదే కాకుండా చీలమండల దగ్గర కూడా ఉంటే, పైకీ కిందకీ కదిలే ఆ మెరుపుని బట్టి ‘ఎవరో తొక్కుతున్నారు’ అని డ్రైవర్‌కి వెంటనే తెలుస్తుంది. వెనక ఎర్ర లైటు ఎలాగూ ఉండాల్సిందే. తడిస్తే ఆరిపోతాం. కనిపించకపోతే మాత్రం సంగతి వేరు.

చెమట పడితే బరువు తగ్గదు

పార్కుల్లో కొందరు ఎండలో కూడా రెయిన్ జాకెట్ వేసుకుని పరిగెడుతుంటారు, బరువు తగ్గడానికట. తగ్గేది నీళ్లు. రెండు గ్లాసులు తాగగానే తిరిగొచ్చేస్తాయి. ఈలోపు ఒంట్లో వేడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది. 1997 చివర్లో అమెరికాలో ముగ్గురు కాలేజీ కుస్తీ ఆటగాళ్లు వేడి గదుల్లో, గాలి ఆడని సూట్లు వేసుకుని బరువు తగ్గించే కసరత్తు చేస్తూ చనిపోయారు. ఆ తర్వాత అక్కడి కాలేజీ కుస్తీలో అలాంటి సూట్లని నిషేధించారు. మీ ఫ్రెండ్ ఎవరైనా ఇలా చేస్తుంటే ఈ పేరా పంపండి.

షాపులో ఐదు నిమిషాలు

వేసుకుని అద్దం ముందు నిలబడితే చాలదు. హ్యాండిల్ పట్టుకున్నట్టు ముందుకి వంగండి. నడుము వెనక బయటపడిందా, మణికట్టు పైకి చేతులు లేచాయా చూడండి. హుడ్ పెట్టుకుని తల కుడికీ ఎడమకీ తిప్పండి. రోడ్డు బదులు హుడ్ లోపలి గుడ్డ కనిపిస్తే పక్కన పెట్టేయండి. తిరగేసి కుట్ల మీద టేపు ఉందో లేదో చూడండి. టేపు లేకపోతే ట్యాగ్ మీద ఏ అంకె ఉన్నా సూది రంధ్రాల్లోంచి నీళ్లొస్తాయి.

కొన్నాక కూడా కాస్త పని ఉంటుంది. కొత్త జాకెట్ మీద నీళ్లు తామరాకు మీద బొట్లలా జారిపోతాయి, పైన నీటిని తోసేసే పూత వల్ల. అది అరిగితే పైబట్ట నీళ్లు తాగేసి లోపలి ఆవిరికి దారి మూసేస్తుంది. సువాసన కోసం కలిపే ఫ్యాబ్రిక్ కండిషనర్ ఆ పూతకి శత్రువు. లేబుల్ ఒప్పుకుంటే తక్కువ వేడి మీద ఇస్త్రీ చేయండి, పూత కొంత తేరుకుంటుంది. తడిగా మడిచి బ్యాగ్‌లో వదిలేయకండి. మన తేమకి లోపలి పాలియురెథేన్ పూత జిగురు పట్టి పొరలుగా ఊడిపోతుంది.

ఆగస్టులో ఎమ్మెస్‌కి విమానం ఎక్కేవాళ్లకి మాత్రం నా సలహా తిరగబడుతుంది. డబ్లిన్‌లోనో సియాటెల్‌లోనో 8 డిగ్రీల గాలిలో తడిసి గంట సైకిల్ తొక్కితే ఒళ్లు వణుకుతో ఆగదు, ఒంటి వేడి ప్రమాదకరంగా పడిపోవచ్చు. అక్కడ మంచి మెంబ్రేన్ దగ్గర పొదుపు చేయకండి.

మనకైతే లెక్క ఇలా వేసుకోండి. ముందు చక్రాలకి మడ్‌గార్డులు, తర్వాత లైటు, తర్వాత టోపీ. మిగిలిన డబ్బుతో జాకెట్. వీపు మీద పడే బురద వానలో సగం ఆకాశం నుంచి కాదు, వెనక చక్రం నుంచే వస్తుంది. ఇక ఉరుము వినిపించిందా, ఏ జాకెట్టూ కాపాడదు. పిడుగుల హెచ్చరికలకి పుణెలోని ఐఐటీఎం సంస్థ చేసిన ‘దామిని’ యాప్ ఉచితంగా దొరుకుతుంది. ఫోన్‌లో వేసుకోండి. అది వద్దంటే ఆ పూట ఇంట్లోనే ఉండి పకోడీలు తినండి. పరుగు రేపు కూడా ఉంటుంది.