పశ్చిమ ప్రకాశంలో ఇంటి వానపాముల తొట్టి: ఎవరికి, ఏ నీటితో?

పశ్చిమ ప్రకాశంలో వర్మీ కంపోస్టు ప్రస్తావన వచ్చినప్పుడల్లా మొదట వినిపించే అభ్యంతరం నీటి గురించే. తాగునీటికే ట్యాంకరు కోసం ఎదురుచూసే ఇళ్లున్న మార్కాపురం, గిద్దలూరు పరిసరాల్లో వానపాములకు నీళ్లెక్కడివన్నది న్యాయమైన ప్రశ్నే. అయితే పేడతోనూ పంట వ్యర్థాలతోనూ నింపే పెద్ద తొట్లకు ఈ ప్రశ్న వర్తించినంతగా వంటింటి వ్యర్థాలతో నడిచే చిన్న తొట్టికి వర్తించదు. కూరగాయల తొక్కల బరువులో 80 నుంచి 90 శాతం వరకు నీరే ఉంటుంది. వానపాములకు కావలసిన తేమ 60 నుంచి 70 శాతం. అందువల్ల వేసవి మినహా తక్కిన కాలమంతా ఇంటి తొట్టిలో తేమ మిగిలిపోయి, తొక్కలు కుళ్లి వాసన వేయడమే ఎక్కువగా కనిపిస్తుంది. తొక్కలు వేసిన ప్రతిసారీ పైన గుప్పెడు ఎండుటాకులో, చింపిన అట్టముక్కలో పరిస్తే ఆ బాధ తీరుతుంది.

విస్తరణ శాస్త్రవేత్తలు అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది. ఆ తొక్కలు అసలు ఎవరింట్లో మిగులుతున్నాయి? గేదె ఉన్న పల్లె ఇంట్లో బియ్యం కడుగు, గంజి, కూరగాయల తొక్కలు అన్నీ కుడితి తొట్టికే చేరతాయి. మేక ఉన్న ఇంట్లో అరటి తొక్క సైతం మిగలదు. అటువంటి ఇంటికి వెళ్లి వంటింటి చెత్తను వానపాములకు వేయమని చెప్పడం పాడి పశువు నోటి ముందరి మేతను లాగివేయడమే. ఆ ఇంటికి పేడతో నడిచే పద్ధతిని, అదీ నీటి వసతి ఉంటేనే, సూచించాలి. పశువులు లేని పట్టణపు ఇంట్లో మాత్రం తొక్కలు చెత్త బండికో మురుగు కాలువకో పోతాయి. వర్మీ కంపోస్టు శిక్షణ అనగానే రైతును మాత్రమే పిలిచే అలవాటు మారి, మార్కాపురం, గిద్దలూరు వీధుల్లోని గృహిణులను కూడా పిలవాలి.

రోజుకు అరకిలో వ్యర్థాలు వచ్చే ఇంటికి కిలో వానపాములు చాలు. అనుకూల పరిస్థితుల్లో అవి రోజుకు తమ బరువులో సగం వరకు తింటాయి. అడుగున రంధ్రాలున్న మట్టి తొట్టిలో నానబెట్టి పిండిన కొబ్బరి పీచు, దానిపై బాగా మాగిన పేడ వేసి వానపాములను వదలాలి. పచ్చిపేడ వేడెక్కి వాటిని చంపుతుంది. ఉప్పు, నూనె, ఊరగాయ తగిలిన మెతుకులు వేయరాదు. చీమలు పట్టాయంటే తొట్టి ఎండిందని గ్రహించాలి. పలకల గనుల వద్ద గుట్టలుగా పడి ఉన్న రాతి ముక్కలతో తొట్టి కట్టాలన్న ఆలోచన మార్కాపురంలో సహజంగానే వస్తుంది. నిండు నీడలో అయితే సరే. ఎండ తగిలే చోట ఆ నల్లరాయి వానపాములకు పెనమే అవుతుంది.

ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన ప్రమాదం మరొకటి ఉంది. భూగర్భ జలాల్లో ఫ్లోరైడు ఉన్నందున ఆర్.ఓ. యంత్రాల వాడకం ఎక్కువ. అవి వదిలే వృథా నీటిని పారబోయడం ఇష్టంలేక తొట్టిలో పోయాలనిపించవచ్చు. కాని శుద్ధిచేసిన నీటి నుంచి తీసివేసిన లవణాలన్నీ అందులోనే ఉంటాయి. తొట్టిలో తేమ ఆవిరైన కొద్దీ లవణాలు పేరుకుంటాయి. వానపాము చర్మం దానికి తట్టుకోలేదు. బియ్యం కడిగిన నీరు అంతకంటే మేలు.

అసలు పరీక్ష మే నెలలో ఎదురవుతుంది. తొట్టిలో వేడి 35 డిగ్రీలు దాటితే వానపాములు నిలవవు. ఇక్కడ ప్రకృతి చేసే సహాయం ఒకటుంది. కోస్తాలో గాలి తేమగా ఉండి ఆవిరి మెల్లగా లేస్తుంది. పడమటి మండలాల పొడి గాలిలో తడి గోనె, మట్టి తొట్టి తాగునీటి కుండలాగానే త్వరగా చల్లబడతాయి. సిమెంటు తొట్టికి గాని ప్లాస్టిక్ డబ్బాకు గాని ఆ గుణం లేదు. అయినా నమూనాల్లో తరచుగా కనిపించేవి ఆ రెండే.

ఇంటి తొట్టి ఫలితాన్ని పెంచి చెప్పడం కూడా మంచిది కాదు. రోజుకు అరకిలో చొప్పున ఏడాదికి సుమారు 180 కిలోల తొక్కలు. అందులో నాలుగో వంతు ఎరువుగా మిగిలినా 45 కిలోలే. అది పెరటి వంగకు, కరివేపాకు చెట్టుకు, మిద్దెపై కుండీలకు సరిపోతుంది. కంది చేనుకు ఎకరాకు టన్నుల లెక్కన చెప్పే సిఫారసుతో దానిని కలపరాదు.

నివేదికల్లో నెలకొల్పిన యూనిట్ల సంఖ్యకు బదులు జూన్ మొదటి వారంలో వానపాములు బతికి ఉన్న యూనిట్ల సంఖ్య రాయవలసి వస్తే ఈ ప్రాంతపు సిఫారసులు చాలావరకు మారతాయి. విదేశీ జాతులైన ఐసీనియా ఫెటిడా, యూడ్రిలస్ యుజీనియేలను, మన దేశంలో సహజంగా కనిపించే పెరియోనిక్స్ ఎక్స్‌కవేటస్‌ను పక్కపక్కనే మట్టి తొట్లలో పెట్టి, మార్చి నుంచి జూన్ వరకు లెక్కించే పనికి పెద్ద నిధులేమీ అవసరం లేదు. ఒక స్నాతకోత్తర విద్యార్థి, మార్కాపురంలో పశువులు లేని ఓ పది ఇళ్లు, ఒక ఉష్ణమాపకం ఉంటే వచ్చే వేసవికే మొదలుపెట్టవచ్చు.