తాళ మెట్లు తీసితిరి?

మొన్న మేమొక పెద్దమ్మగారి సెల్‌ఫోను చేతబట్టుకొని అబిడ్సులోని జగదీష్ మార్కెట్టునకు పోయితిమి. ఆమె మా పొరుగింటివారు. తాము పెట్టుకొన్న ఆరంకెల సంకేతమును తామే మరచిరి. ఫోనులో మనుమరాలి ఛాయాచిత్రము లున్నవి. దుకాణములోని కుఱ్ఱవాడు దానిని రెండు మూడు మారులు త్రిప్పి చూచి, "ఓపెన్ చేస్తా సార్, కానీ లోపలివన్నీ పోతయ్. ముందే చెప్తున్న" అనెను. లోపలివి పోకుండ తీయు ఉపాయము లేదా యని యడిగితిమి. "అది పోలీసోళ్ల దగ్గరుంటది" అని నవ్వి వేరొక గిరాకీ వైపు తిరిగెను.

ఆ దుకాణమునకు నాంపల్లి క్రిమినలు కోర్టులు దూరము గావు. రాష్ట్ర ఫోరెన్సిక్ ప్రయోగశాలయు ఆ వైపుననే రెడ్‌హిల్సులో నున్నది. తిరిగి వచ్చునప్పుడు మార్గమంతయు మాకొకటే యోచన. బజారులో కూర్చున్న కుఱ్ఱవాడు పైకము ముట్టకముందే తానేమి చేయునో, ఏమి పోవునో చెప్పెను. అదే తాళమును పోలీసువారు తీసినప్పుడు, ఏ పరికరముతో తీసిరి, ఎవరు తీసిరి, లోపలనుండి ఏమేమి తీసికొనిరి యను సంగతి ఫోను గలవానికి చెప్పు ఆచారము మనకేల లేదు? చెప్పి తీరవలసినదేయని మా వాదము.

ముందుగా ఒక మాట. పోలీసువారు ఏ ఫోనును తెరువరాదని మేమనుట లేదు. బిడ్డ నెత్తుకొనిపోయినవాని ఫోను తెరువకుము అనువారెవరు? తెరువుడు, తెరచిన విధము దాచకుడని మాత్రమే మేమనునది.

నేటి ఫోనులోని సమాచారము గూఢలిపిలో నుండును. దానిని విప్పు తాళపుచెవి సాధారణముగా రెండు పాళ్ల కలయిక: మనము వేయు సంకేతమొకటి, ఫోను తయారగునప్పుడే దాని గర్భమున పొదిగిన రహస్యసంఖ్య యొకటి. నాలుగంకెల సంకేతములు 10,000. ఆరంకెలవి 10 లక్షలు. వరుసగా వేసి చూచు యంత్రమున కివి యొక లెక్క గావు. అందుచేతనే కొన్ని మారులు తప్పినంతనే ఫోను వేచియుండు మనును. వేచియుండు కాలమును పెంచుకొని పోవును. పోలీసువారు కొను పరికరములు ఈ కావలివానిని ఏమార్చును. ఫోనును నడిపించు ప్రోగ్రాములో, దానిని వ్రాసినవారి కంటను బడని లోపమొకటి పట్టుకొని లోనికి దూరును. అప్పుడే ఆర్పి వెలిగించి, ఇంకను సంకేతము వేయని ఫోను లొంగుట కష్టము. ఒకమారు తెరచి మూసినది లొంగుట కొంత సులభము, ఏలయన తాళపుచెవి దాని జ్ఞాపకములో నింకను మెదలుచుండును. ఇందు మంత్రమేమియు లేదు, ఉన్నది లోపమే. ఆ లోపము దొంగ ఫోనులో నెట్లున్నదో, అదే మాదిరి ఫోను వాడు గృహస్థులందరి ఫోనులలోను అట్లే యున్నది. దానిని కొని దాచిపెట్టుకొన్న ప్రభుత్వము, మన యింటి గోడకు కన్నమున్నదని యెరిగియు మనతో చెప్పని కావలివానివంటిది.

"విధానము బయటబెట్టిన నేరగాండ్రు జాగ్రత్త పడుదురు" అని యెదుటివారి సమాధానము. ఈ మాట క్రొత్తది గాదు. వ్రేలిముద్రల శాస్త్రము మన దేశముననే పెరిగినది. 1897లో కలకత్తాలో వ్రేలిముద్రల కార్యాలయము వెలసెను. అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అను మన దేశపు ఉద్యోగులు ఆ వర్గీకరణమునకై పాటుపడిరి. వారి పై యధికారి ఎడ్వర్డు హెన్రీ 1900లో దానిని పుస్తకముగా అచ్చువేయించెను. దొంగలును ఆ పుస్తకమును చదువవచ్చును. చేతులకు తొడుగులు వేసికొన్న దొంగలు నుందురు. అంతమాత్రమున శాస్త్రము చెడెనా? లోకమంతట కోర్టులు దానిని నమ్మినది, ఎవరైనను పరీక్షించి తప్పు పట్టవచ్చును గనుకనే.

రహస్యమైనను ఎంతకాలము నిలుచును? అమెరికాలో శాన్ బెర్నార్డినో అను పట్టణమున 2015 డిసెంబరు 2న 14గురిని కాల్చి చంపిన హంతకుని ఐఫోనును తెరచుటకు తోడ్పడవలసినదని అచ్చటి ఎఫ్.బి.ఐ. వారు ఆపిల్ సంస్థపై కోర్టున కెక్కిరి. 2016 మార్చి 28న, మాకు వేరొక దారి దొరకెనని వ్యాజ్యము మానుకొనిరి. ఆ దారి చూపినవా రెవ్వరు, ఎంత పుచ్చుకొనిరి అని పత్రికలవారు దావా వేయగా, చెప్పనక్కర లేదని 2017లో న్యాయస్థానము తీర్పు చెప్పెను. 2021లో మరియొక పత్రిక ఆ సంస్థ ఆస్ట్రేలియాలోనిదని పేరుతో సహా అచ్చువేసెను. ఆ లోపమును ఆ ప్రోగ్రాము వ్రాసినవారు మామూలు మరమ్మతులో భాగముగా కొలది నెలలకే పూడ్చివేసిరనియు అందే వ్రాసెను. పనికిరాని తాళపుచెవికి అయిదేండ్లు కాపలా కాచినారన్నమాట.

ఇంతకంటె మమ్ము కలవరపెట్టు సంగతి వేరొకటి కలదు. ఇజ్రాయేలుకు చెందిన సెల్లెబ్రైట్ అను సంస్థ పరికరములను అనేక దేశముల పోలీసులు వాడుదురు. 2021 ఏప్రిలులో సిగ్నల్ అను సందేశ సాధనమును నిర్మించిన యాతడు ఆ పరికరమునే పరీక్షించి, ఫోనులో నొక ప్రత్యేకపు ఫైలు ఉన్నయెడల, దానిని చదువబోయిన పరికరము తానే లొంగిపోవుననియు, దాని నివేదికలను, వెనుకటివానిని సైతము, మార్చవచ్చుననియు చూపెను. 2024 డిసెంబరులో ఆమ్నెస్టీ సంస్థ, సెర్బియా పోలీసులు ఈ పరికరముతోనే ఒక పాత్రికేయుని ఫోను తెరచి, అతనికి తెలియకుండ వేగు ప్రోగ్రాము నొకటి అందు చొప్పించిరని వెల్లడించెను. తీయుటకు పోయిన చేయి పెట్టియు వచ్చెను!

విశాఖదత్తుని ముద్రారాక్షసము చదివినవారి కీ కథ క్రొత్త గాదు. రాక్షసుని ఉంగరము చాణక్యుని చేత బడెను. రాక్షసుని మిత్రుడగు శకటదాసుని చేతనే, సంగతి తెలియనీయక, లేఖ వ్రాయించి, ఆ యుంగరముతో ముద్ర వేయించిరి. వ్రాత నిజమైనది, ముద్ర నిజమైనది, లేఖ మాత్రము అబద్ధము. మలయకేతువు ముద్రను చూచెను, వ్రాతను పోల్చి చూచెను. ఆ యుంగరము నడుమ నెవరెవరి చేతులు మారినదో తేల్చుకొనకయే మిత్రుని పోగొట్టుకొనెను.

మన క్రొత్త చట్టములును ముద్ర దగ్గరనే ఆగినవి. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము 63వ విభాగము ప్రకారము ఎలక్ట్రానిక్ సాక్ష్యమునకు హ్యాష్ అను సంఖ్యతో ధ్రువపత్ర ముండవలెను. ఆ సంఖ్య నకలు తీసిన పిమ్మట మార్పు జరుగలేదని చెప్పునేగాని, తీయకముందు ఫోనును ఎవరెవరు ముట్టిరో చెప్పదు. నాగరిక సురక్షా సంహిత 105వ విభాగము సోదాను, స్వాధీనమును వీడియో తీయుమనును, మంచిదే. కాని ఫోను తెరచునది ఇంటి వాకిట గాదు, ఆ తరువాత నెచ్చటనో యొక గదిలో. ఫోనుల స్వాధీనమునకు మార్గసూత్రములు కావలెనని 2023 నవంబరులో పాత్రికేయుల వ్యాజ్యమున సుప్రీంకోర్టే యనెను.

మన నగరమునకు వత్తము. 2021 అక్టోబరులో హైదరాబాదు పోలీసులు వీధులలో యువకులను నిలిపి, వారి ఫోనులలోని సంభాషణలలో గంజాయి యను మాటకై వెదకుట అందరును వీడియోలలో చూచిరి. అచ్చట యంత్రమే అక్కరలేకపోయెను. ఖాకీ చొక్కాయే తాళపుచెవి. ఏకాంతము ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తులు చెప్పిన నాలుగేండ్లకు జరిగిన సంగతి యిది.

2024 మార్చిలో బయటపడిన ఫోను ట్యాపింగు కేసు మరియొకటి. ఇంటెలిజెన్సు విభాగపు కొందరు అధికారులు రహస్యముగా ఇతరుల మాటలు వినిరనియు, ప్రభుత్వము మారగనే హార్డు డిస్కులు ధ్వంసము చేసిరనియు అభియోగము. ఋజువు గాని దానిని ఋజువైనట్లు మేము వ్రాయము. కాని ఆ కేసులో మేము మరువలేని ఘట్టమొకటి కలదు. ఆ విభాగపు మాజీ అధిపతి క్లౌడు ఖాతాను తెరువవలసివచ్చినప్పుడు, ఆయన తన సంకేతమును ఫోరెన్సిక్ నిపుణుల సమక్షమున మార్చవలెనని 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆదేశించెను. న్యాయస్థానపు ఉత్తరువు, నిపుణుల సమక్షము, గలవాని యెదుటనే తాళము తీయుట! పోలీసు పెద్దకు దక్కిన ఈ మర్యాద పాన్ డబ్బా యొద్ద పట్టుబడిన కుఱ్ఱవానికేల దక్కరాదు? మేమడుగునది దీనికంటె ఎక్కువ గాదు.

లోపము నే విధముగా ఛేదించిరో దినపత్రికలో అచ్చువేయుడని మేము కోరము. పరికరము పేరు, దాని కూర్పు సంఖ్య, తెరచిన దినము, గడియ, తెరచినవాని పేరు, తీసికొన్నవాని జాబితా, ఇవి ఫోను వెంట వ్రాతమూలమున నడువవలెను. ముద్దాయి తరఫు నిపుణుడు అడిగిన యెడల పరికరమును సైతము పరీక్షకు పెట్టవలెను. ఏడాది కెన్ని ఫోనులు తెరచిరి, ఏ నేరముల క్రింద, ఎవరి యుత్తరువుపై, ఎంత వ్యయమున అను లెక్క శాసనసభ ముందుంచవలెను. సమాచారహక్కు చట్టమున 8వ విభాగము, 24వ విభాగము అడ్డుపెట్టి ఈ లెక్కను సైతము దాచుట తగదు. లెక్క చెప్పిన దర్యాప్తు చెడదు.

నాంపల్లి కోర్టులలోని న్యాయవాదులకు మా మనవి యొకటి. శాసనము వచ్చువరకు కూర్చుండ నక్కరలేదు. ఫోనునుండి తీసిన కాగితముల కట్ట సాక్ష్యముగా దాఖలైన నాడు, అందేమున్నదని వాదించుటకు ముందు, తాళ మెట్లు తీసితిరని దర్యాప్తు అధికారిని బోనులో నిలిపి అడుగుడు. ఆయన చెప్పినది గాని, చెప్పననినది గాని న్యాయమూర్తిచేత వ్రాయించుడు.